మగపిల్లలకు బహీగా చెప్పిన పాఠం

మా నజ్లత్ రుమ్మాన్‌లో బహీగా పొయ్యి దగ్గర నిలబడి నవ్విందంటే కాలవ అవతల చెరుకు నరికేవాళ్ళు తలెత్తి చూసేవారు. భారీ మనిషి. సందులో ఆమె వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు గోడకు ఒత్తుకుని దారి ఇవ్వాల్సిందే. పొద్దున్నే పిండి ముద్దల్ని మట్టి పళ్ళాల మీద పెట్టి డాబా మీద ఎండకు పొంగనిచ్చేది. ఎండ నడినెత్తికి వచ్చాక పొయ్యి రాజేసి కాల్చేది. ఊళ్ళో సగం ఇళ్ళ పిండి ఆమె చేతుల మీదుగానే రొట్టె అయ్యేది. భర్త గాద్ నైలు మీద పడవ నడిపేవాడు. రోజంతా ఆయన మాట్లాడే మాటల్ని ఆమె ఒక వాయి రొట్టెలు దించేలోపు మాట్లాడేసేది. వాళ్ళకు ముగ్గురూ మగపిల్లలే. పెద్దవాడు వహీబ్.

మాది వాళ్ళ పక్క ఇల్లు. మా అన్న లామీ, వహీబ్ జంటగా తిరిగేవాళ్ళు. నా పేరు ఇరీనీ. మా ఈడు పిల్లలమంతా బహీగాను ఖాలా అని పిలిచేవాళ్ళం, పిన్నీ అన్నట్టు. నాకు పదేళ్ళు నిండిన వేసవిలో ఆమె ఒక పని చేసింది. ఇది ఆ పని గురించి.

ఆ ఏడు ఈస్టరు వెళ్ళాక మా గుడి ఫాదర్ అబూనా యుస్తుస్ బిషప్పుగారి దగ్గర్నుంచి ఒక బరువు నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఎదిగే పిల్లలకు మనిషి శరీరం గురించి, దాని గౌరవం గురించి క్రైస్తవ తిరుసభ ఏం బోధిస్తుందో నేర్పాలట. ఆడపిల్లలకు సిస్టర్లు చెబుతామన్నారు. మగపిల్లలకు ఎవరు చెబుతారని అబూనా గుడి పక్క హాల్లో మీటింగు పెట్టి అడిగారు. జ్ఞానోపదేశం చెప్పే మక్రమ్ మాస్టారు దగ్గి, బళ్ళో పరీక్షలున్నాయన్నారు. ఇంకొకాయన పొలానికి నీళ్ళు పెట్టాలన్నాడు.

"పోనీ మీరే చెప్పొచ్చు కదా అబూనా?" అన్నారెవరో.

"నేను చెబితే ఆ తర్వాత పాపాలు చెప్పుకోవడానికి ఒక్కడూ నా మొహం చూడడు" అన్నారు ఆయన.

మీటింగుకు రొట్టెలు తెచ్చిన బహీగా గుమ్మం దగ్గర బుట్ట దించుతూ, "ఎవరూ లేకపోతే నేను చెబుతాను" అంది.

హాలంతా నవ్వింది. "ఆడదానివి, మగపిల్లలకు ఏం చెబుతావే?" అన్నాడు నీళ్ళు పెట్టాల్సిన ఆయన.

"ముగ్గుర్ని కన్నాను, ముగ్గురికీ ముడ్డి కడిగాను. నాకు తెలియని మగతనం వీళ్ళ దగ్గర ఏముందయ్యా?"

ఈసారి నవ్వు ఆమె వైపున పడింది. అబూనా మాత్రం నవ్వలేదు. బిషప్పుగారిచ్చిన కాగితాలు ఆమె చేతిలో పెట్టారు.

మొదటి శుక్రవారం పాఠం నవ్వులపాలైంది. ఆమె సిస్టర్ల దగ్గర చదువుకున్న మనిషే, అక్షరాలు బాగానే వచ్చు. కానీ కాగితంలో ఉన్న మాటలు నోటికి అలవాటు లేనివి. 'దేహం' అన్నప్పుడల్లా వెనక బెంచీలో ఎవడో గురక పెట్టినట్టు నవ్వు బిగబట్టేవాడు, వాడి వెంట మిగతావాళ్ళు. కాసేపటికి ఆమె మొహం పొయ్యి ముందున్నట్టు ఎర్రబడింది. "పొండి, పోయి బంతాడుకోండి" అని పంపేసింది. సాయంత్రం గాద్ పడవ కట్టేసి వచ్చేసరికి అరుగు మీద పిండి చేతులతోనే కూర్చుని ఉంది.

"నా వల్ల కాదు అబూ వహీబ్. రేపు కాగితాలు తిరిగిచ్చేస్తాను" అంది. మా ఊళ్ళో తండ్రిని 'అబూ' అని, తల్లిని 'ఉమ్' అని పెద్దకొడుకు పేరు కలిపి పిలిచేవారు.

ఆయన చెప్పులు విప్పుకుని, కాళ్ళు కడుక్కుని, అప్పుడు అన్నాడు. "కాగితాలు ఇచ్చేయి. పాఠం మాత్రం తిరిగివ్వకు."

తర్వాతి శుక్రవారం ఆమె ఒట్టి చేతులతో వెళ్ళింది. ఆ రోజు ఏం జరిగిందో లామీ నాకు ఎన్నోసార్లు చెప్పాడు, పెద్దవాళ్ళమయ్యాక కూడా. ఆమె కుర్చీ లాక్కుని పిల్లల మధ్యన కూర్చుందట. "మీ ఒంటి మీద ఉన్న మచ్చలు చూపించండి" అందట. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు చెరుకు కత్తి తెగిన పిక్క చూపించాడు. ఇంకొకడు బళ్ళో బెత్తం దెబ్బకు వంకర పోయిన వేలు. వహీబ్ చిన్నప్పుడు వాళ్ళమ్మ పొయ్యికే కాల్చుకున్న మోచెయ్యి. మా లామీ చొక్కా పైకెత్తి వీపు తిప్పాడు. అది మా నాన్న బెల్టు.

"కొట్టినప్పుడు నొప్పి ఎవరికి పుట్టిందిరా?" అని అడిగింది.

"వీపుకి."

"వీపు ఏడ్చిందా, నువ్వు ఏడ్చావా?"

"నేనే" అన్నాడు లామీ.

"అదీ సంగతి. నువ్వు ఆ ఒంట్లో అద్దెకుంటున్నావనుకున్నావేమో. కాదు, ఆ ఒళ్ళే నువ్వు. దాన్ని తాకితే నిన్ను తాకినట్టు, దాన్ని వెక్కిరిస్తే నిన్ను వెక్కిరించినట్టు. ప్రభువు మన దగ్గరికి వచ్చినప్పుడు ఊరికే మాటలా రాలేదు. ఆకలేసే ఒళ్ళు, చెమట పట్టే ఒళ్ళు, మేకు దిగితే నెత్తురు కారే ఒళ్ళు, దానితో వచ్చాడు. గుడిలో ఏమంటాడు? 'ఇది నా శరీరం, మీ కోసం ఇస్తున్నాను' అంటాడు. ఇస్తున్నాను అంటాడు, విన్నారా? ఆయన ఇచ్చాడు. ఇంకొకళ్ళు కత్తి పట్టుకుని తీసుకునేది కాదు ఒళ్ళంటే."

ఆ మాట అన్నాక ఆమె తన చెల్లెలు నాద్రా సంగతి వాళ్ళకు చెప్పింది.

మా ఊళ్ళో ఆడపిల్లకు పదేళ్ళు వస్తుంటే మంత్రసానిని పిలిపించి మర్మస్థానంలో కోత పెట్టించేవారు. దాన్ని 'శుద్ధి' అనేవారు. మా వాళ్ళూ చేయించేవారు, పక్క వీధి ముస్లిములూ చేయించేవారు. అది దేవుడు చెప్పిందని ఎవరూ అనేవారు కాదు. కానీ అది లేకపోతే పిల్ల చెడిపోతుందని, పెళ్ళి కాదని అందరూ నమ్మేవారు. బహీగాకూ, ఆమె చెల్లెలికీ ఒకే పొద్దున చేయించారు. ఇద్దరికీ కొత్త గౌన్లు కుట్టించారు, చేతులకు గోరింట పెట్టారు. బహీగా కోలుకుంది. నాద్రా నెత్తురు ఆగక మర్నాటికి పోయింది. దేవుడు తీసుకుపోయాడన్నారు. "దేవుడు తీసుకుపోలేదు, మనం పంపాం" అని బహీగా అంటే వాళ్ళమ్మ చెంప పగలగొట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నాద్రా పేరు ఎవరూ ఎత్తలేదు.

"దేవుడు మనిషిని ఆడగా మగగా చేసి, చూసుకుని, చాలా బాగుందన్నాడు" అంది ఆమె పిల్లలతో. "మా అమ్మ చెడ్డది కాదు. మా చెల్లి జడ వేస్తూ పాట పాడేది. కానీ ఆయన బాగుందన్నదాన్ని బాగు చెయ్యబోయి చంపుకుంది. మీ ఇళ్ళల్లో కూడా ఆడపిల్లలు ఉన్నారు. మీరు మగాళ్ళు. వాళ్ళను మీకోసమే కోస్తున్నారు, ఆ సంగతి మీకు తెలియాలి."

లామీ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా అమ్మ మొలోఖియా కూర వడ్డిస్తుంటే, "ఇరీనీకి ఎప్పుడు?" అని అడిగాడు.

అమ్మ గరిటె ఆగిపోయింది. "ఏది ఎప్పుడు?"

"నీకు తెలుసు ఏదో. వద్దమ్మా."

మా ఇంట్లో మగపిల్లాడి నోట ఆ ప్రస్తావన రావడం అదే మొదటిసారి. నిజానికి మరియమ్మ మోక్షారోపణ పండుగ మర్నాటికి మంత్రసానితో మాట అయిపోయింది. నాకు కొత్త గౌను బట్ట కూడా కొన్నారు. పసుపు రంగుది, చిన్న చిన్న పూలు. అదెందుకో నాకు ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం సంతోషంగానే ఉన్నాను.

లామీ ఆ మాట అన్న మర్నాడు అమ్మ కొంగు బిగించుకుని బహీగా ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆ సమయానికి పొయ్యి చుట్టూ పిండి పళ్ళాలతో అయిదారుగురు ఆడవాళ్ళున్నారు.

"ఏమే బహీగా, నా కొడుక్కి ఏం నూరిపోస్తున్నావు? గుడిలో కూర్చోబెట్టి మగపిల్లలకు చెప్పే మాటలేనా అవి?"

"గుడిలో కాకపోతే ఎక్కడ చెప్పమంటావు ఉమ్ లామీ, కాఫీ కొట్టులోనా?"

"నీకేం, ముగ్గుర్ని మగవాళ్ళనే కన్నావు. ఆడపిల్ల కడుపున పడుంటే తెలిసేది. రేపు దానికి పెళ్ళి కాకపోతే నా గుమ్మంలో కూర్చుని ఏడ్చేది నేను, నువ్వు కాదు. కోత లేని పిల్లను ఎవడు చేసుకుంటాడు? చెప్పు, ఎవడు?"

ఆడవాళ్ళంతా బహీగా వంక చూశారు. ఆమె చేతిలో రొట్టె పార అలాగే ఉంది.

"నా కొడుకులు చేసుకుంటారు. ముగ్గురికీ దేవుడు చేసినట్టున్న పిల్లల్నే తెస్తాను. ఇది నా మాట. వెళ్ళి ఊరంతా చెప్పుకోండి."

ఊరంతా చెప్పుకున్నారు. చీకటి పడకముందే వహీబ్ చెవినీ పడింది. వాడప్పటికి పదిహేడేళ్ళ వాడు. బంతాటలో తోటివాళ్ళు 'పెళ్ళికొడకా' అని ఏడిపించారు. ఇంటికొచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. గోడ మీంచి మాకు అంతా కనిపించింది, ప్రతి మాటా వినిపించింది.

"నన్ను అడిగావా అమ్మా?"

"మంచి మాటే కదరా అన్నాను."

"మంచిదో చెడ్డదో తర్వాత. నన్ను అడిగావా? ఒళ్ళంటే ఎవడిది వాడే ఇవ్వాలి, ఇంకొకళ్ళు తీసుకోకూడదని శుక్రవారం చెప్పావు. శనివారం నన్ను పిండి ముద్దలా పంచిపెట్టావు. మంత్రసానికీ నీకూ తేడా ఏముంది?"

ఆ మాటకు గాద్ అరుగు మీంచి లేచాడు, కొడతాడనే అనుకున్నాం. బహీగా అడ్డం వచ్చింది. "ఆగు. వాడు అబద్ధం చెప్పలేదు" అంది.  

ఊళ్ళో ఆమె చేసిన పెద్ద పనేదంటే అందరూ ఆ తర్వాత గుడిలో జరిగింది చెబుతారు. నేను మాత్రం ఆ వచ్చిన శుక్రవారం సంగతి చెబుతాను. ఆమె హాల్లోకి వెళ్ళి, పిల్లలంతా ఉండగా, కన్న కొడుకు ముందు నిలబడి అంది. "వహీబ్, నీ ఒంటిని, నీ పెళ్ళిని నిన్ను అడగకుండా నలుగురి ముందు పంచాను. అది తప్పు. నన్ను క్షమించు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని ఉమ్ లామీకి కూడా చెబుతాను. నువ్వు ఎవరిని చేసుకుంటావన్నది నీ ఇష్టం."

మా ఊళ్ళో తల్లి కొడుకును క్షమాపణ అడగడం ఎవరూ చూడలేదు. పిల్లలు కాళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నారట. వహీబ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు అడుగు."

"ఏం అడగమంటావు?"

"ఆ రోజు అడగనిది."

ఆమె అడిగింది. వాడు లేచి, "నా ఇంటికి వచ్చే పిల్లను నా కోసం ఎవరూ కొయ్యక్కర్లేదు" అన్నాడు. కూర్చున్నాడు. చెరుకు కత్తి మచ్చవాడు లేచి తనూ అదే అన్నాడు. తర్వాత ఇంకొకడు. ఒకడు లేవలేదు, "మా నాన్న చంపుతాడు ఖాలా" అన్నాడు. "నువ్వు కూర్చో నాన్నా, ఇందులో బలవంతం లేదు" అంది ఆమె.

అప్పుడు లామీ అన్నాడు. "ఇక్కడ మనలో మనం అనుకుంటే మా అమ్మ నమ్మదు. గుడిలో అనాలి, అమ్మలంతా ఉండగా."

పండుగ దగ్గర పడుతోంది. మరియమ్మ ఉపవాసాలు నడుస్తున్నాయి. బహీగా అబూనా దగ్గరికి వెళ్ళింది.

"ఉమ్ వహీబ్, నన్ను ఈ ఊళ్ళో ఉండనివ్వవా?" అన్నారు ఆయన.

"తిరుసభ బోధ చెప్పమన్నది మీరే కదా అబూనా."

"బోధ చెప్పమన్నాను. ఊరి మీద యుద్ధానికి వెళ్ళమన్నానా?"

"యుద్ధం చేసేది నేను కాదు. పిల్లలు నాలుగు మాటలు చెబుతారట. పూజ అయ్యాక అయిదు నిమిషాలు. మీరు గదిలో వస్త్రాలు మార్చుకుంటూ ఉండండి, మీకు వినబడలేదని అందాం."

అబూనా తల పట్టుకున్నారు. కానీ పండుగ రోజు దివ్యబలిపూజ అయ్యాక ఆయన వస్త్రాలు మార్చుకోవడానికి వెళ్ళలేదు. పీఠం పక్కనే పూజ దుస్తుల్లో నిలబడి, మగపిల్లలను ముందుకు రమ్మన్నారు.

గుడిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. నేను అమ్మ ఒడిని ఆనుకుని నిలబడ్డాను. ఎవరు మాట్లాడాలో వాళ్ళు చీట్లు వేసుకున్నారో ఏమో, ముందుకొచ్చింది మా లామీ. వాడికి అప్పుడే గొంతు మారుతోంది. మొదటి మాటే కీచుమంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఆగలేదు.

"ఈ రోజు మరియమ్మను దేవుడు ఒంటితో సహా తన దగ్గరికి తీసుకున్న రోజు. ఆ ఒంట్లో ఆయనకు పనికిరానిది ఏదీ లేదు. మా చెల్లెళ్ళ ఒంట్లో కూడా లేదు. వాళ్ళను పెళ్ళి కోసం కొయ్యకండి. పెళ్ళి చేసుకునేది మేము. మాకు అది వద్దు."

అంతే. వాడి వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే "నాకు వద్దు" అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన వచ్చి కొడుకు చెవి పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయాడు. వాడు గుమ్మం దాటుతూ కూడా "నాకు వద్దు" అన్నాడు. కొందరు మగవాళ్ళు చెప్పులు టపటపలాడిస్తూ లేచిపోయారు. మా నాన్న లేవలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే మంత్రసాని సంచీ తగిలించుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నాకు పసుపు గౌను తొడగలేదు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పిల్లకు జ్వరంగా ఉందమ్మా. ఇప్పుడు కాదులే, తర్వాత చూద్దాం."

నాకు జ్వరం లేదు. అమ్మ వెనకే నిలబడి ఖర్జూరం తింటున్నాను. మంత్రసాని నన్ను చూసింది, అమ్మను చూసింది. అమ్మ ఆమె చేతిలో చక్కెర పొట్లం పెట్టి పంపేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు.

చాలా ఏళ్ళకు నేను అమ్మను అడిగాను, ఎందుకు మనసు మార్చుకున్నావని. "నేనేం మార్చుకోలేదు, నాకు భయం పోలేదు" అంది. "కానీ వాడు అంత మంది ముందు, ఆ గొంతుతో, ఆ మాట అనడానికి సిగ్గుతో ఎంత చచ్చి ఉంటాడు? పదిహేనేళ్ళ వెధవ నీకోసం అంత సిగ్గు మోశాడు. నేను పెళ్ళి కాదేమోనన్న భయం మొయ్యలేనా అనిపించింది."

బహీగాకు మాత్రం ఆ పండుగ తర్వాత రోజులు బాగా గడవలేదు. చాలా ఇళ్ళ వాళ్ళు పిండి పంపడం మానేశారు. డాబా మీద ఎండకు పెట్టిన పళ్ళాలను ఎవరో పగలగొట్టారు. వీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని చెయ్యి పట్టి అటు లాక్కునేవారు. ఆమె శుక్రవారం హాలుకు వెళ్ళడం మానలేదు. గాద్ పడవ ఎక్కినవాళ్ళు ఆమె గురించి ఏమన్నా అంటే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, తెడ్డు ఎత్తి నది మధ్యలో పడవ ఆపేసేవాడు. అన్నవాళ్ళు నోరు మూసుకున్నాక మళ్ళీ వేసేవాడు.

చలికాలం వచ్చేసరికి పిండి తిరిగొచ్చింది. ఆమె మాట నచ్చి కాదు, ఆమెలా రొట్టె పొంగించడం ఇంకెవరికీ చేతకాక. రొట్టె కోసం వచ్చినవాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగేవారు. కాన్పులో తమకు అంత కష్టం ఎందుకైందని, మొగుడి పక్కన పడుకోవాలంటే ఒళ్ళు ఎందుకు బిగుసుకుంటుందని. తనకు తెలిసినంత చెప్పేది, తెలియనిదానికి సిస్టర్ల దవాఖానాకు తీసుకుపోయేది. అందరూ మారలేదు. ఒకావిడ తన కూతుళ్ళను పుట్టింటి ఊరికి తీసుకుపోయి పని కానిచ్చుకుని వచ్చింది. ఆ పిల్లలు తిరిగొచ్చినప్పుడు బహీగా ఆవిడను ఒక్క మాట అనలేదు. పిల్లలిద్దరికీ వేడి రొట్టె మీద తేనె వేసి తన చేత్తో తినిపించింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కొన్నేళ్ళకు ప్రభుత్వం ఆ కోతను నేరమంది. "మంచిదే, కానీ చట్టం గుమ్మం దాకా వస్తుంది, లోపల గదిలోకి రాదు" అనేది ఆమె. వహీబ్ అస్యూత్‌లో పనికి వెళ్ళి అక్కడి పిల్లను చేసుకున్నాడు. ఆ అమ్మాయి సంగతి ఏమిటని ఊళ్ళో ఎవరో బహీగాను తమాషాగా అడిగారు. "అది వాళ్ళిద్దరికీ దేవుడికీ మధ్య సంగతి. నీకు రొట్టెలెన్ని కావాలి?" అంది.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మల్లవీ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు, పేరు నసీఫ్. వాళ్ళమ్మ, అక్క మా ముందు గదిలో కూర్చున్నారు. అమ్మ బహీగాను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను టీ గ్లాసులు తెచ్చి పెట్టాను. పెళ్ళికొడుకు తల్లి చక్కెర వేసుకుంటుంటే అమ్మ గబగబా, ఊపిరి తీసుకోకుండా అనేసింది.

"అమ్మా, తర్వాత మాట పడటం నాకిష్టం లేదు. మా పిల్లకు శుద్ధి చేయించలేదు. అది అలాగే ఉంది. మీకు ఇష్టమైతే టీ తాగండి, లేకపోతే మనం పరిచయస్తులుగా ఉందాం."

 ఆవిడ చెంచాతో చాలాసేపు తిప్పింది. గ్లాసులో చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"మా పెద్దమ్మాయి కాన్పులో నాలుగు రోజులు అవస్థ పడింది" అంది చివరికి. "పిల్ల దక్కలేదు."

పక్కనున్న అక్క తల దించుకుంది. బహీగా లేచి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది, చెయ్యి పట్టుకుంది. పెళ్ళికొడుకు తల్లి టీ గ్లాసు ఎత్తి తాగింది. సగం తాగాక, మీ ఊళ్ళో ఎండకు పొంగించే రొట్టె బాగుంటుందని విన్నాం, పెళ్ళికి ఎన్ని కావాలో ఇప్పుడే చెప్పాలా అని అమ్మను అడిగింది.